ఐసు దిమ్మలతోని చల్లబరిచిన ఇల్లు

కొత్తగ కొలువుల చేరిన తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, ఇది మీకోసమే రాస్తున్న. రిటైరైన పెద్దమనుషులు కలం పట్టిన్రంటే ఏం రాస్తరో మీకెరుకే. ఆ వంతెన నేనే కట్టించిన, ఆ కాలువ నేనే తవ్వించిన, మంత్రి నా భుజం తట్టిండు అని. నాకు అసొంటియేం లేవు. పేదోళ్లకు ఇండ్లు కట్టించే ఆఫీసుల ముప్ఫై ఏండ్ల పైననే వర్క్ ఇన్‌స్పెక్టర్‌గ చేసిన. ఇన్నేండ్లల్ల మర్చిపోదామన్నా మరుపుకు రాని ముచ్చట ఒక్కటే ఉన్నది. మిర్యాలగూడల ఒక ఇంటిని చల్లబరిచిన ముచ్చట. నవ్వొస్తే నవ్వుకోండ్రి, నాకేం బాధ లేదు.

వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటే ఏందో ముందుగాల చెప్పాలె. పని జరిగే కాడ నిలబడి, గోడ ఎంత లేచింది, స్లాబు ఎంత మందం పోసిన్రు అని కొలిచి మెజర్‌మెంట్ బుక్కుల రాసెటోడు. కొలిచి రాయాలని రూలు. మేము రాసినంక కొలిచేటోళ్లం, అది గూడ ఎవరన్న గట్టిగ అడిగితేనే. ఇగ నా సంగతి ఇంకా అధ్వానం. నాకు నిచ్చెన అంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు తిరుమలగిరిల మా ఇంటి అటక మీదికెల్లి పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్న. అప్పటి సంది నేల ఇడిచిపెట్టి పైకి పోయింది లేదు. స్లాబు చూడాలంటే కింద నిలబడి, మెడ పైకెత్తి, చెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకొని కాసేపు చూసి, బాగున్నదని రాసెటోణ్ణి. ఎన్ని వందల స్లాబులు అట్ల పాసైనయో ఆ దేవునికే ఎరుక.

ఆ ఏడు ఎండలు ముదిరినంక సూర్యాపేటల మా పై ఇంజనీరు డీఈ సారు రూముల మీటింగు పెట్టిన్రు. ఎండ నుంచి పేదల ఇండ్లను ఎట్ల కాపాడాలె అని. ఏసీ ఎంతల పెట్టిన్రో ఏమో, మా క్లర్కు మేడం కొంగు చెవుల మీదంగ చుట్టుకొని కూసున్నది. వేడి మీద చర్చ అయిపోయేలోపు చలికి ఆగలేక మూడుసార్లు చాయ్ తెప్పించుకున్నం.

మా డీఈ సారుది కోదాడ. ఆయన మాట సగం మన దిక్కుది, సగం ఆంధ్ర దిక్కుది. కోపమొస్తే మన మాట, మనతోని పని పడితే ఆంధ్ర మాట. ఆ రోజు నన్ను చూసి "ఏమండీ" అన్నడు. నా గుండెల రాయి పడ్డది.

"ఏమండీ, ఇళ్ల స్లాబుల మీద తెల్ల సున్నం వేయమని ఆర్డరొచ్చిందండీ. మిర్యాలగూడ కాలనీలో ముందు ఒక ఇంటికి వేయించండి. హైదరాబాద్ నుంచి పెద్ద సారొచ్చి, సున్నం వేసిన ఇంట్లోనూ, వేయని ఇంట్లోనూ మిషను పెట్టి వేడి చూస్తారట. తేడా కనిపిస్తే రోహిణి కార్తె లోపల కాలనీ మొత్తానికీ వేస్తారు. లేకపోతే లేదు."

జిల్లాలు వేరుపడ్డంక గూడ ఆ మిర్యాలగూడ కాలనీ ఫైళ్లు మా సూర్యాపేట బీరువాలనే ఉండె, అందుకని ఆ బరువు మా నెత్తిన పడ్డది. ఊరి చివర, బాయిల్డ్ రైస్ మిల్లుల ఎనుక, ఒక్కొక్క గది, ఒక్కొక్క వంటిల్లు, మీద స్లాబు. కట్టించింది నేనే. కాంట్రాక్టరుకు చెప్పిన, మొదటి లైనుల ఒక ఇంటికి సున్నం ఎయ్యమని. ఏసినమని ఫోన్ చేసిండు. ఎండ చల్లబడ్డంక చూడబోయిన. పక్కపక్కన రెండిండ్లు. ఒక ఇంటి గోడ మీద, గడప కాడ తెల్లగ సున్నం చారలు కనబడ్డయి. అరె, పైన ఏస్తుంటే కిందికి కారింది, ఇదే ఇల్లు అనుకున్న. నిచ్చెన గోడకే ఆనిచ్చి ఉన్నది. ఎక్కలే. ఆ ఇంటి నంబరే బుక్కుల రాసి బస్సెక్కిన.

ఆ ఇంట్ల మిల్లుల కూలి చేసే ఒక తల్లి ఉంటది. ఆమె బిడ్డ తొలి కాన్పుకు వచ్చింది. పురుడు వస్తుందని ఆ తల్లి తన చేతులతోని గోడకు, గడపకు సున్నం పూసుకున్నది. నేను చూసిన చారలు అవి. కాంట్రాక్టరు స్లాబు మీద ఏసింది పక్కింటికి. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

పది రోజులకు కాంట్రాక్టరు మల్ల ఫోన్ చేసిండు. "సారూ, మిల్లుల ఊక బూడిద పడి స్లాబు బర్రె రంగయింది. ఇల్లు ఎప్పటిలెక్కనే కాలుతున్నది" అన్నడు. ఊడ్చి మల్ల ఒక పూత ఏస్తే అయిపోయేది. ఊడ్పించరాదా అంటే, ఎస్టిమేట్ల ఊడ్చుడు లేదు సారూ అన్నడు. నేను డీఈ సారును అడిగిన. ఎస్టిమేట్లో లేని పని ఎలా చేయిస్తామండీ అన్నడు. పెద్ద సారు ఎల్లుండి వస్తుండు. ఒక్క చీపురు పట్టెటోడు లేక డిపార్ట్‌మెంటు మొత్తం పరేషాన్ల పడ్డది.

అప్పుడు డీఈ సారుకు ఉపాయం తట్టింది. "ఒక్క గంట చల్లగా ఉంటే చాలండీ. సారొస్తారు, మిషను పెడతారు, వెళ్తారు. ఐసు పెట్టేద్దాం" అన్నడు. ఐసుకు ఎస్టిమేట్ అడిగే ధైర్యం నాకు లేకపాయె.

మిర్యాలగూడల ఐసు దొరకదా అంటే దొరుకుతది. కాని డీఈ సారుకు కోదాడల చేపల దుకాణం ఉన్న చుట్టం ఒకడుండె. ఐసు ఆడికెల్లి హుజూర్‌నగర్ మీదంగ ట్రాలీ ఆటోల వచ్చింది. కోదాడల ఎక్కినప్పుడు నిలువెత్తు దిమ్మలంట. మా కాడికి వచ్చేసరికి మోకాలెత్తు మిగిలినయి. చేపల వాసన మాత్రం ఏం తగ్గలే.

దిమ్మలకు గోనె సంచులు చుట్టి ఆ ఇంట్లకు మోయిస్తుంటే ఆ తల్లి అడ్డమొచ్చింది. ఎనుక మంచం మీద బాలింత. తలకు గుడ్డ కట్టుకొని, చెవులల్ల దూది పెట్టుకొని, అంత ఎండల గూడ మెడ దాక రగ్గు కప్పుకున్నది. పక్కన పది దినాల పసిబిడ్డ. ఒళ్లంత చెమటకాయలు, ఏడ్వ గూడ ఓపిక లేక నోరు తెరుస్తున్నది, మూస్తున్నది.

"ఏంది సారూ గివి? నా బిడ్డ పచ్చి బాలింత. సల్లదనం తగిల్తే రేపు నడుములు పట్టుకుంటే ఎవరు సూస్తరు?"

"ఒక్క గంటనే అమ్మా. పెద్ద సారు చూసి పోయినంక మీ లైను మొత్తం సున్నం ఏస్తం."

ఆమె పసిబిడ్డ దిక్కు చూసింది. "గీ ఉడుకకు పిల్ల పాలు పడ్తలేదు సారూ. సల్లగుండే కాడ పండవెట్టుమని దవాఖానల నర్సమ్మ చెప్పింది. సల్లగ యాడుంటది సారూ గీ స్లాబు కింద? సరే, పెట్టుండ్రి. పిల్లకు జర మంచిగైతది. నా బిడ్డకు ఇంకో రగ్గు కప్పుత." రెండడుగులేసి మల్ల ఆగింది. "అయితే సారూ, మా ఇంటి మీద ఇంక సున్నం ఎయ్యనేలేదు గదా. గా పక్కింటికి ఏసిన్రు..."

చెప్పింది తమ్ముళ్లారా. నోరు తెరిచి, తెలుగులనే, నా ముంగటనే నిలబడి చెప్పింది. ఐసు కరుగుతున్నదన్న తొందరల "అంత అయితది తియ్యమ్మా" అనుకుంట దిమ్మలు మంచం కిందికి నూకిచ్చిన. మన ఆఫీసులకు వచ్చేటోళ్ల మాట మనం చెవిన పెట్టేది గింతే.

పదకొండింటికి పెద్ద సారు దిగిండు. పెండ్లిగాని పిల్లగాడు, చురుకైనోడు, షూ లేసులు గట్టిగ కట్టుకున్నడు. ఆ షూలు చూసే నేను భయపడాల్సింది. లోపలికొచ్చి మిషను పెట్టిండు. ముఖం వెలిగింది. పక్కింట్ల పెట్టిండు. నొసటి మీద చెమట తుడుచుకున్నడు. తేడా బాగానే ఉందన్నడు. మా డీఈ సారు నన్ను చూసి కన్ను గీటిండు.

"ఇక్కడ ఏదో వాసన వస్తోంది" అన్నడు పెద్ద సారు.

"పక్కింట్లో చేపల పులుసండి సార్" అన్నడు డీఈ సారు, తడుముకోకుంట.

"నేలంతా తడిగా ఉందేంటి?"

"శుభ్రమైన మనుషులండి సార్. రోజుకు నాలుగుసార్లు తుడుస్తారు."

అప్పుడు పెద్ద సారు చూపు బాలింత మీద పడ్డది. రెండు రగ్గుల నడుమ ముక్కు మాత్రం కనబడుతున్నది. ఆయన జన్మల బాలింతను చూసినట్టు లేడు. "ఈమెకు ఒంట్లో బాగాలేదా? రగ్గులెందుకు?" అన్నడు. అది మన ఇండ్లల్ల ఆచారం అని ఒక్క మాట చెప్తే సరిపోయేది. డీఈ సారుకు ఆగుతదా? "అంత చల్లగా ఉందండి సార్! మే నెలలో రగ్గు కప్పుకుంటున్నారంటే చూడండి మన సున్నం మహిమ!" అన్నడు. రగ్గుల లోపట ఆ బాలింతకు నవ్వొచ్చినట్టుంది, మంచం కదిలింది.

పెద్ద సారు సంబురపడ్డడు. "అయితే ఆ సున్నం చూద్దాం" అన్నడు. షూ లేసులు అందుకేనని అప్పుడు అర్థమైంది. నేను నిచ్చెన బాగలేదు సార్ అంటుండంగనే మీదికి పాకిండు. పైన షూతోని గీకుతున్న చప్పుడు ఇనబడ్డది. పక్క స్లాబు మీదికి దుంకిండు. ఆడ గూడ గీకిండు. దిగి వచ్చి చేతులు దులుపుకున్నడు.

"ఈ ఇంటి మీద సున్నం లేదు. పక్క ఇంటి మీద ఉంది, బూడిద కింద. అంటే సున్నం వేసిన ఇల్లు ఉడికిపోతోంది. వేయని ఇంట్లో మనుషులు చలికి వణుకుతున్నారు. ఔనా?"

డీఈ సారు నా దిక్కు తిరిగి "ఎక్కి చూడకపోతివేందయ్యా?" అన్నడు. ఏమండీలు ఎటు పోయినయో, మన మాట వచ్చేసింది.

పెద్ద సారు ట్యాబుల టపటప కొట్టుకున్నడు. "ఇక్కడి ఇళ్లు సహజంగానే చల్లగా ఉన్నాయి. సున్నం వల్ల ఉపయోగం లేదు. ఈ కాలనీకి అవసరం లేదు" అని చదివి వినిపించి కారెక్కిండు.

మంచం కింద ఒక గోనె గుంజితే చాలు, నిజం బయటపడేది. నాకు రిటైర్మెంటు రెండేండ్లు ఉండె. గుంజలే. ఆ తల్లి కొంగుతోని చెయ్యి తుడుచుకుంట వచ్చి "ఏమన్నడు సారూ? మాకు ఎన్నడేస్తరు?" అని అడిగింది. వారంల అని చెప్పిన. నా సర్వీసుల చానా అబద్ధాలు రాసిన గాని, మనిషి మొఖం చూసుకుంట చెప్పిన అబద్ధం అదే. ఇప్పటికీ సిగ్గైతది.

ఐదో రోజు ఫోనొచ్చింది. నా నంబరు ఆమె కాడ ఉన్నదన్న సంగతే మర్చిపోయిన. "సారూ, వారం అంటివి. పిల్లకు జ్వరమొచ్చింది. ఒళ్లు నిప్పైతున్నది, పాలు ముట్టలే. సర్కారు దవాఖానల పెట్టుకున్నరు. ఇల్లు సల్లగైతెనే తీస్కపోండ్రి అంటున్నరు. సున్నం యాడిదాక వచ్చింది సారూ?"

ఆమె కొట్లాడితే బాగుండు. తిట్టలే. అడిగింది గంతే. నేను అప్పటికప్పుడు సూర్యాపేటల మిర్యాలగూడ బస్సెక్కిన. దవాఖానల పిల్ల చేతికి సూది గుచ్చి, ఊడకుంట పట్టీ చుట్టిన్రు. ఆ చెయ్యి నా బొటనవేలంత లేదు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

ఆ తల్లి ఎంట వాళ్ల ఇంటికాడికి పోయి లోపల కూసున్న. మధ్యాహ్నం రెండు. ఆ కాలనీ మొత్తం కట్టించిన గాని, రెండింటికి లోపల కూసున్నది అదే మొదలు. పావుగంటల అంగీ తడిసింది. అర్ధగంటకు తల తిరిగింది. ఆమె చెంబుల నీళ్లిచ్చి "ఒక్క పూటకే గిట్లయితివి సారూ" అన్నది. ఉడుకు గాలి మీదికి పోయే తొవ్వ ఏదని గోడలు చూసిన. స్లాబు కింద, రెండు దిక్కుల వెంటిలేటర్లు ఉండాలె. లేవు. కాంట్రాక్టరు పెట్టకుంటనే ప్లాస్టరు కొట్టిండు. నా మెజర్‌మెంట్ బుక్కుల మాత్రం ఇంటికి నాలుగు లెక్కన, కింద నా సంతకంతోని, బ్రహ్మాండంగ ఉన్నయి.

తెల్లారి పొద్దుగాల్నే ఒక పాత మేస్త్రీని పట్టుకొని వచ్చిన. ముందు ఆయన స్లాబు కింద రెండు గోడలకు బొక్కలు కొట్టి జాలీ పెట్టిండు. ఉడుకు గాలి బుస్సున బయటికొచ్చింది, మేస్త్రీ మొఖం పక్కకు తిప్పుకున్నడు. తర్వాత స్లాబు ఊడ్వాలె. ఆయన ఒక్కనితోని కాదు. ఆ తల్లి చీపురు పట్టుకొని నిచ్చెన ఎక్కబోతే నా పరువు అడ్డమొచ్చింది. నేను ఎక్కిన. నిచ్చెన కంటె నా కాళ్లే ఎక్కువ ఊగినయి. నడుమల ఆగి దేవుళ్లందరినీ తలుచుకున్న. కింద వాడకట్టు మొత్తం చేరి "ఇంకో మెట్టు సారూ, గంతే, ఇంకో మెట్టు" అనుకుంట ఎక్కించిన్రు. మీదికి పోయి చూస్తే నేను పాసు చేసిన స్లాబు అక్కడక్కడ గుంతలు పడి ఉన్నది. కింద నుంచి ఎంత మంచిగ కనబడేదో!

బూడిద ఊడ్చి, కడిగి, ఆరినంక సున్నంల బంక కలిపి రెండు పూతలు ఏసినం. పడమటి కిటికీకి ఆ తల్లి మిల్లు నుంచి తెచ్చిన గోనె సంచులు తడిపి కట్టింది. మిగతా ఉపాయం ఆమెదే. పొద్దున తొమ్మిది కాంగనే కిటికీ, తలుపు దగ్గరికేసుడు, పొద్దుగూకంగనే బార్లా తెరుసుడు, మిల్లుకు పోయేముందు దినాం స్లాబు ఊడ్సుడు. ఊడ్వకపోతే మల్ల మొదటికే వస్తదని ఆమెకు ఎవరూ ట్రైనింగు ఇయ్యలే. మూడో నాటికి ఇంట్ల కూసుంటే ప్రాణం కుదుట పడ్డది. ఐసు పెట్టిన నాటి చల్లదనం కాదు. మనిషి బతికే చల్లదనం. పిల్లను తీస్కొచ్చిన్రు. చప్పుడు చేసుకుంట పాలు తాగింది. బాలింత రగ్గు కిందికి తన్ని "అమ్మా, ఇగ ఇది నాతోని కాదు" అన్నది. తల్లి మల్ల కప్పింది.

పిల్ల ఇల్లు చేరింది గాని, మిగతా లైను మాటేంది? నేను జరిగింది జరిగినట్టు, ఐసుతో సహా, ఉత్తరం రాసి పెద్ద సారుకు పంపిన. పై అధికారి ద్వారానే పంపాలె గదా, డీఈ సారు చదివిండు. "ఏమండీ, రిటైర్మెంటు ముందు మీకెందుకండీ ఈ పట్టింపు?" అన్నడు. మీరు పంపకపోతే నేనే హైదరాబాద్ పోత అన్న. పంపిండు.

ఎంక్వైరీ పడ్డది. వచ్చిన ఆఫీసరు నన్ను కూసోబెట్టి అడిగిండు. ఐసు స్టాకు రిజిస్టర్లో ఎక్కిందా? లేదు. ఐసు పెట్టినట్టు లొకేషనుతో తీసిన ఫోటో ఉందా? లేదు. ఆ ఐసు ఇప్పుడు ఎక్కడుంది? కరిగింది సార్. ఆయన పెన్ను కింద పెట్టి నన్ను జాలిగ చూసిండు. ఆ తల్లిని గూడ పిలిచిండు. ఆ రోజు ఇల్లు చల్లగా ఉందా అని అడిగిండు. ఉండె అన్నది. వేలిముద్ర వేయించుకొని పంపిండు.

తీర్పు రెండు నెలలకు వచ్చింది. ఐసు ఆరోపణకు ఆధారాలు లేవు. ఇల్లు సహజంగా చల్లగా ఉన్నట్టు లబ్ధిదారు స్వయంగా చెప్పింది. కాబట్టి అసొంటి ఇండ్లు కట్టించిన వర్క్ ఇన్‌స్పెక్టరు అభినందనీయుడు. జెండా పండుగ నాడు సూర్యాపేటల స్టేజీ మీదికి పిలిచి, లామినేషన్ చేసిన పెద్ద ప్రశంసాపత్రం నా చేతిల పెట్టిన్రు. "సహజ చల్లదనం గల గృహాలు నిర్మింపజేసినందుకు" అని బంగారు అక్షరాలు. అందరికంటె గట్టిగ చప్పట్లు కొట్టింది మా డీఈ సారు. ఆయనకూ ఒకటి వచ్చింది మరి. కాలనీకి మాత్రం సున్నం రాలే. ఆ లైను వాళ్లు మేస్త్రీని చూసి నేర్చుకొని ఎవరి స్లాబుకు వాళ్లే ఏసుకున్నరు.

మర్నాడు ఆ పత్రం సంచిల పెట్టుకొని మిర్యాలగూడ పోయిన. ఆఫీసు నన్ను శిక్షించలే. ఆమెకన్న చెప్పుకుందామని. ఆ దినం కరెంటు లేదు, ఉక్కపోస్తున్నది. ఆ తల్లి పిల్లను ఒళ్లె ఏసుకొని కూసున్నది. జరిగింది మొత్తం చెప్పిన. మీకు సున్నం రాకుంట పోయింది నా వల్లనే, వారంల అని నీకు చెప్పింది అబద్ధం, పిల్ల దవాఖానల పడ్డది గూడ నా పాపమే అమ్మా అన్న.

"నాకు ఎరుకే సారూ" అన్నది. "ఐసు నా మంచం కిందనే గదా పెట్టింది."

"మరి ఎంక్వైరీల ఎందుకు చెప్పకపోతివి?"

"సల్లగుండెనా అని అడిగిండు. ఉండె అని చెప్పిన. ఎందుకుండె అని అడగలే గదా."

సంచిల నుంచి ఆ పత్రం తీసి చూపించిన. ఏం రాసిన్రు అని అడిగింది. చదివి ఇనిపించిన. ఆమె దాన్ని చేతిలకు తీసుకొని అటు ఇటు తిప్పింది, అంచు పట్టుకొని ఒంచి చూసింది. పిల్ల నొసట చెమట పట్టింది. ఆమె ఆ పత్రంతోని పిల్లకు మెల్లగ ఇసురుడు మొదలుపెట్టింది.

"గట్టిగున్నది సారూ. మంచిగ గాలొస్తున్నది" అన్నది.

పిల్ల కండ్లు మూసుకున్నది. నేను దాన్ని ఇయ్యమని అడగలే. ఆమె ఇయ్యలే.